మీకు తెలుసా? గమ్యం చేరాకే అసలు పని!

ఇద్దరు స్నేహితులు, ఓ పాత బండి, వేల కిలోమీటర్ల దారి. ఊళ్లు చూడాలన్న సరదా ఎటూ ఉంటుంది. దాంతోపాటు ఏదో ఓ మంచి పనికి నాలుగు డబ్బులు పోగేయాలన్న పట్టుదలా ఉంటుంది. బ్రిటన్, కెనడా లాంటి దేశాల్లో ఈ ‘చారిటీ రోడ్ ట్రిప్’లకు పెద్ద చరిత్రే ఉంది. బయల్దేరేటప్పుడు జెండా ఊపుతున్న ఫొటోలు అందరూ చూస్తారు. చివరి కిలోమీటరు దాటాక ఏం జరుగుతుందో పట్టించుకునేవాళ్లు తక్కువ. బండి ఏమవుతుంది? డబ్బు ఎవరి చేతికి వెళుతుంది? పక్క సీట్లో కూర్చున్న స్నేహితుడు ఇంకా స్నేహితుడిగానే మిగులుతాడా? ఆ ముగింపుల చుట్టూ ఉన్న కొన్ని ఆసక్తికరమైన సంగతులివి.

ఓ ఓటమిలోంచి పుట్టిన యాత్ర

చారిటీ రోడ్ ట్రిప్ అనగానే ముందుగా వినపడే పేరు ‘మంగోల్ ర్యాలీ’. దీని పుట్టుకే ఓ వైఫల్యం. 2001లో టామ్ మోర్గన్ అనే బ్రిటిష్ యువకుడు, అతని మిత్రుడు కలిసి చెక్ రిపబ్లిక్ నుంచి పాత ఫియట్ 126 కారులో మంగోలియాకు బయల్దేరారు. ఆ కారుకు ఇంజిన్ వెనకవైపు ఉంటుంది, రెండే సిలిండర్లు. మన పెద్ద మోటారు సైకిళ్ల ఇంజిన్ అంత శక్తి కూడా దానికి ఉండదు. వాళ్లు మంగోలియా చేరనేలేదు.

చేరకపోయినా ఆ దారిలో దొరికిన సరదా మోర్గన్‌ను వదల్లేదు. 2004లో అదే ఆలోచనను నలుగురి కోసం ర్యాలీగా మార్చారు. తొలిసారి ఆరు కార్లు బయల్దేరితే నాలుగే గమ్యం చేరాయి. తర్వాతి ఏళ్లలో వందల జట్లు పోటెత్తాయి. ఇందులో మొదటి బహుమతి లేదు, టైము లెక్కలేదు, వెనకాల వచ్చే మెకానిక్ వ్యానూ లేదు. దారి కూడా ఎవరిది వాళ్లే ఎంచుకోవాలి. నిర్వాహకుల షరతు ప్రధానంగా ఒకటే: ప్రతి జట్టూ కనీసం 1,000 పౌండ్లు విరాళంగా పోగుచేయాలి.

పనికిరాని కారైతేనే ప్రవేశం

ఇంత దూరం వెళ్లాలంటే గట్టి జీపు కావాలనుకుంటాం. ఈ ర్యాలీ నిబంధన సరిగ్గా దానికి వ్యతిరేకం. తొలినాళ్లలో కారు ఇంజిన్ ఒక లీటరుకు, అంటే 1,000 సీసీకి మించకూడదన్నారు. మోటారు సైకిలైతే 125 సీసీ. సౌకర్యం ఎక్కువైతే సాహసం తగ్గుతుందన్నది వాళ్ల సిద్ధాంతం. బండి ఆగిపోతేనే కదా ఊళ్లోవాళ్లతో పరిచయం అయ్యేది!

ఆ చిన్న ఇంజిన్‌కు అసలు పరీక్ష తజికిస్తాన్‌లో ఎదురవుతుంది. చాలా జట్లు ఇష్టపడే పామిర్ హైవే మీద అక్‌బైతాల్ కనుమ ఎత్తు 4,655 మీటర్లు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజిన్‌కు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. టర్బో లేని ఇంజిన్ ప్రతి 100 మీటర్లకు దాదాపు ఒక శాతం చొప్పున శక్తి కోల్పోతుంది. అంటే ఆ కనుమ ఎక్కేసరికి 50 గుర్రాల ఇంజిన్‌లో మిగిలేది 30కి అటూఇటూ. కార్బ్యురేటర్ ఉన్న పాత బండైతే ఇంకా ఇబ్బంది. గాలి తగ్గినా పెట్రోలు అంతే వచ్చి పడుతుంటుంది కాబట్టి నల్లపొగ కక్కుతూ ముక్కుతుంది. అలాంటి చోట ఒకరు స్టీరింగ్ పడితే ఇంకొకరు దిగి నడవక తప్పదు, ఒక్కోసారి వెనకనుంచి నెట్టకా తప్పదు.

గమ్యాన్నే మార్చేసిన కస్టమ్స్

మొదట్లో మంగోల్ ర్యాలీ ముగింపు మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో జరిగేది. చేరిన కార్లను అక్కడే వేలం వేసి, ఆ డబ్బు స్థానిక సేవా కార్యక్రమాలకు ఇవ్వాలన్నది ఆలోచన. వినడానికి ఎంతో బాగుంది. కానీ పాత కారును ఒక దేశంలో వదిలేయడమంటే కస్టమ్స్ దృష్టిలో అది దిగుమతి. దిగుమతి అనగానే సుంకం, కాగితాలు, కారు వయసు లెక్కలు. ఒకప్పుడు వరంలా అనిపించిన బండే భారంగా మారింది.

ఆఖరికి ముగింపు గీతను సరిహద్దు దాటించి రష్యాలోని ఉలాన్‌ఉడె నగరానికి మార్చారు. పేరు వినడానికి ఇంచుమించు ఒకేలా ఉన్నా ఇది బైకాల్ సరస్సుకు దగ్గర్లోని బురియాత్ రిపబ్లిక్ రాజధాని. వేల కిలోమీటర్ల దుమ్ము కొట్టుకుని వచ్చినవాళ్లకు నగరం నడిబొడ్డున కనిపించేది లెనిన్ తల! మొండెం లేని ఆ కంచు శిరస్సు ఎత్తు 7.7 మీటర్లు, బరువు 42 టన్నులు. ప్రపంచంలోకెల్లా పెద్ద లెనిన్ తల ఇదేనంటారు. లెనిన్ శతజయంతి సందర్భంగా 1970 ప్రాంతంలో తయారైంది.

కారే విరాళం

కారును వదిలేయడాన్నే యాత్ర లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌కు చెందిన జూలియన్ నోవిల్ అనే స్టాక్ బ్రోకర్ 2003లో ‘ప్లిమత్–బంజుల్ ఛాలెంజ్’ మొదలుపెట్టారు. కోట్లు ఖర్చయ్యే పారిస్–డాకర్ ర్యాలీ మీద ఇదో వెటకారం. కారు ఖరీదు 100 పౌండ్లు దాటకూడదు, దాన్ని సిద్ధం చేయడానికి 15 పౌండ్లకు మించి పెట్టకూడదు అన్నది మొదట్లో పెట్టుకున్న సరదా నియమం. ఇంగ్లండ్ నుంచి ఫ్రాన్స్, స్పెయిన్, మొరాకో, మారిటేనియా, సెనెగల్ మీదుగా గాంబియా రాజధాని బంజుల్ చేరాలి. దూరం సుమారు 6,000 కిలోమీటర్లు. చేరిన కారును అక్కడ వేలం వేసి, వచ్చిన సొమ్మును గాంబియాలోని సేవాసంస్థలకు ఇచ్చేస్తారు. యజమాని విమానమెక్కి ఇంటికి వెళ్లిపోతాడు.

చిక్కంతా ఇక్కడే. బ్రిటన్‌లో కార్ల స్టీరింగ్ మనలాగే కుడివైపు. గాంబియాలో వాహనాలు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి, కాబట్టి స్టీరింగ్ ఎడమవైపు ఉండాలి. అందుకే వేలానికి పనికొచ్చే ఎడమ స్టీరింగ్ కారు కోసం బ్రిటిష్ జట్లు ముందు నుంచే వెతుక్కోవాల్సి వచ్చేది. పైగా దారిలో ఉన్న సెనెగల్ పాత కార్ల దిగుమతిని ఒప్పుకోదు. వీళ్ల డొక్కు కార్లు మధ్యలోనే అమ్ముడైపోకుండా కస్టమ్స్ వాళ్లు కాపలాగా వెంట ఉండి గాంబియా సరిహద్దు దాకా సాగనంపేవారు.

నడవకూడని నేల

బంజుల్ దారిలో అందరూ ఊపిరి బిగబట్టే చోటు ఒకటుండేది. మొరాకో ఆధీనంలోని పశ్చిమ సహారా దాటాక, మారిటేనియా చెక్‌పోస్టు వచ్చేలోపు కొన్ని కిలోమీటర్ల మేర ఎవరి పాలనా లేని భూమి ఉండేది. తారు రోడ్డు లేకుండా ఇసుక, రాళ్లమీదే ఏళ్ల తరబడి బండ్లు నడిచాయి. పశ్చిమ సహారా యుద్ధకాలంలో పాతిన మందుపాతరలు ఇరుపక్కలా ఉన్నాయి. ముందు వెళ్లిన టైర్ల జాడ వదిలి పక్కకు తొలగకూడదన్నదే అక్కడి ఒకే ఒక్క ట్రాఫిక్ రూలు. వదిలేసిన కార్ల అస్థిపంజరాలు ఆ జాడకు అటూఇటూ పడి ఉండేవి. పంచరైతే టైరు మార్చడానికి కూడా దారి మీంచి దిగే వీలుండేది కాదు.

బండికీ ఓ పాస్‌పోర్టు

మనిషికి పాస్‌పోర్టు ఎలాగో, బండికి ‘కార్నే’ అలాగ. పూర్తిపేరు కార్నే ద పాసాజ్. ఓ పుస్తకంలా ఉంటుంది. ఒక్కో దేశంలోకి వెళ్లేటప్పుడు ఓ ముద్ర, బయటికి వచ్చేటప్పుడు ఓ ముద్ర. ‘ఈ బండిని మీ దేశంలో అమ్మను, తిరిగి తీసుకుపోతాను’ అన్న హామీ అది. మన దేశం, పాకిస్తాన్, ఇరాన్ సాధారణంగా ఇది లేకుండా విదేశీ బండిని రానివ్వవు. మన దేశంలో దీన్ని ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ లాంటి సంస్థలు జారీ చేస్తాయి. ఊరికే కాదు, బండి విలువను బట్టి పెద్దమొత్తంలో పూచీ కట్టించుకుంటాయి.

బయటికి వచ్చిన ముద్ర పడకపోతే ఆ పూచీ సొమ్ముకు ఎసరే. బండి లోయలో పడిపోయినా, కాలి బూడిదైనా, ‘ఇక్కడే పోయింది’ అని అధికారులతో రాయించుకుని రావాల్సిందే. అందుకే అనుభవమున్న యాత్రికులు ఆఖరి సరిహద్దు దాటాక పార్టీ చేసుకోరు. కార్నే తిరిగిచ్చేసి, పూచీ సొమ్ము ఖాతాలో పడ్డాకే యాత్ర అయిపోయిందంటారు.

బ్యాంకాక్ నుంచి బ్రైటన్‌కు ఆటోలో

2006లో జో హక్స్‌టర్, ఆంటోనియా బోలింగ్‌బ్రోక్-కెంట్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు థాయ్‌లాండ్‌లో ఓ గులాబీ రంగు టుక్‌టుక్ ఎక్కి ఇంగ్లండ్ బాట పట్టారు. దాని పేరు ‘టింగ్ టాంగ్’. లావోస్, చైనా, కజకిస్తాన్, రష్యా, ఉక్రెయిన్, పోలండ్... ఇలా 12 దేశాలు, 12,561 మైళ్లు, అంటే 20,000 కిలోమీటర్లకు పైమాటే. మే నెలాఖర్లో బయల్దేరి సెప్టెంబరు మొదట్లో బ్రైటన్ సముద్రతీరం చేరారు. మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే ‘మైండ్’ అనే సంస్థకు 50,000 పౌండ్లు సేకరించి ఇచ్చారు.

ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. సంస్థ ఎంపిక కూడా యాదృచ్ఛికం కాదు. జో యుక్తవయసులో తీవ్రమైన కుంగుబాటును దాటి వచ్చిన మనిషి. దాని గురించి బాహాటంగా మాట్లాడటం అంత తేలిక కాని రోజుల్లో, గులాబీ ఆటో ఆగిన ప్రతిచోటా ‘ఇదెందుకు చేస్తున్నారు?’ అన్న ప్రశ్న వచ్చేది. జవాబు చెప్పక తప్పని పరిస్థితిని ఆ బండే కల్పించింది.

మన రోడ్ల మీద విదేశీ ఆటోవాలాలు

మంగోల్ ర్యాలీ నిర్వాహకులే మన దేశంలో ‘రిక్షా రన్’ నడిపిస్తున్నారు. 2006–07 నుంచి సాగుతున్న ఈ యాత్రలో విదేశీయులు ఆటో నడుపుకుంటూ దేశం ఈ మూల నుంచి ఆ మూలకు వెళతారు. జైసల్మేర్–కొచ్చి, కొచ్చి–షిల్లాంగ్ లాంటి దారులు ప్రసిద్ధం. 3,000 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఈ యాత్రలో పోగైన విరాళాల్లో ఓ వాటా వానలడవుల రక్షణకు కృషిచేసే ‘కూల్ ఎర్త్’కు వెళుతుంది.

కొచ్చి నుంచి షిల్లాంగ్‌కు తూర్పుతీరం వెంబడి పోదామనుకున్న జట్టుకు చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి 16 తప్పదు. అంటే నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖ మీదుగా పోవాల్సిందే. ఒళ్లంతా బొమ్మలు గీసిన ఆటోలో తెల్లదొరలు చెమటలు కక్కుతూ హైవే దాబా దగ్గర కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. గేరు పడకపోతే వాళ్లను గట్టెక్కించేది ఏ మెకానిక్ షెడ్డులోనో ఉన్న మన కుర్రాడే. మారుమూల ఊళ్లో కూడా విడిభాగం, దాన్ని బిగించే మనిషీ దొరికే వాహనాల్లో ఆటో ఒకటి. ఈ యాత్రకు దాన్ని ఎంచుకోవడంలో సరదాతోపాటు ఈ వెసులుబాటూ ఉంది.

పరుగు ఒకరిది, స్టీరింగ్ ఇంకొకరిది

కెనడా వీరుడు టెర్రీ ఫాక్స్ పేరు చాలామందికి తెలుసు. ఎముక క్యాన్సర్‌తో కుడికాలు కోల్పోయిన ఈ కుర్రాడు 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలిని అట్లాంటిక్ నీళ్లలో ముంచి, దేశాన్ని అడ్డంగా దాటడానికి పరుగు మొదలుపెట్టాడు. రోజుకు దాదాపు ఒక మారథాన్ దూరం. అతని వెంట వ్యాను నడిపిన డగ్ ఆల్వార్డ్ పేరు మాత్రం తక్కువమందికే తెలుసు.

ఇద్దరూ బడిలో బాస్కెట్‌బాల్ ఆడుతూ స్నేహితులయ్యారు. డగ్ పని ఏంటంటే, వ్యానును ఓ మైలు ముందుకు తీసుకెళ్లి ఆపడం, టెర్రీ వచ్చేదాకా ఎదురుచూడటం, నీళ్లందించడం, మళ్లీ ఓ మైలు ముందుకెళ్లడం. వంటా అతనే, నిద్రా ఆ వ్యానులోనే. రోజుల తరబడి అలసట, ఇరుకు, చలిగాలి. నోవాస్కోషియా చేరేసరికి ఇద్దరి మధ్య మాటల్లేవు! టెర్రీ అమ్మానాన్నలు విమానంలో వచ్చి సర్దిచెప్పాల్సి వచ్చింది. తర్వాత టెర్రీ తమ్ముడు డారెల్‌ను కూడా వ్యానులో కూర్చోబెట్టారు. ముగ్గురయ్యాక వాతావరణం తేలికపడింది.

టెర్రీ గమ్యం చేరలేదు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక, సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందని తేలింది. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశాడు. అప్పటికే ‘ఒక్కో కెనడియన్ నుంచి ఒక్కో డాలర్’ అన్న అతని కోరిక తీరింది. దేశ జనాభాకు సమానంగా, 2.4 కోట్ల డాలర్లకు పైగా పోగయ్యాయి. 1981 సెప్టెంబరులో మొదలైన టెర్రీ ఫాక్స్ రన్ ఇప్పటికీ ఏటా ఎన్నో దేశాల్లో జరుగుతోంది. మధ్యలో ఆగిన యాత్రే అన్నింటికన్నా ఎక్కువ దూరం వెళ్లింది.

స్నేహితుడు ఆపిన చోట అందుకున్నవాడు

టెర్రీకి చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ నేర్చుకోమని కబురు పెట్టింది రిక్ హాన్సెన్. 15 ఏళ్ల వయసులో ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిన రిక్, టెర్రీకి జట్టులో తోడుగా ఆడారు. 1985 మార్చిలో ఆయన వాంకూవర్ నుంచి చక్రాల కుర్చీలో ప్రపంచయాత్రకు బయల్దేరారు. 34 దేశాలు, 40,000 కిలోమీటర్లు. చైనా గోడ మీదకూ ఎక్కారు. 26 నెలల తర్వాత 1987 మే 22న మళ్లీ వాంకూవర్ చేరారు. వెన్నుపూస గాయాలపై పరిశోధనకు, వికలాంగుల సౌకర్యాలకు 2.6 కోట్ల డాలర్లు సమకూరాయి. యాత్ర అయిపోయినా ఆయన పని ఆగలేదు. ఆ సొమ్ముతో మొదలైన ఫౌండేషన్ నేటికీ నడుస్తోంది.

క్రికెటర్ నడిచిన దారి

బ్రిటన్‌లో విరాళాల యాత్ర అంటే అందరికీ గుర్తొచ్చే దారి స్కాట్లాండ్‌లోని జాన్ ఓ గ్రోట్స్ నుంచి నైరుతి కొసన ఉన్న లాండ్స్ ఎండ్ వరకు. రోడ్డు మీద 874 మైళ్లు. నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు, ట్రాక్టర్ మీద వెళ్లేవాళ్లు... ఎవరి సరదా వాళ్లది. నిజానికి బ్రిటన్ ప్రధాన భూభాగానికి ఉత్తరపు కొస జాన్ ఓ గ్రోట్స్ కాదు, కాస్త పడమరగా ఉన్న డనెట్ హెడ్. అయినా ఫొటో మాత్రం అందరూ జాన్ ఓ గ్రోట్స్ బోర్డు దగ్గరే దిగుతారు.

ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ ఇయాన్ బోథమ్ 1985లో ఈ దారంతా నడిచారు. అంతకు ఎనిమిదేళ్ల ముందు కాలి గాయంతో టాంటన్ ఆసుపత్రికి వెళ్లినప్పుడు, అక్కడి పిల్లల వార్డులో లుకేమియాతో ఉన్న చిన్నారులను చూశారు. వాళ్లలో కొందరు ఇక ఎక్కువకాలం బతకరని తెలిసి కదిలిపోయారు. ఆ తర్వాత వరసగా చేసిన నడకలతో లుకేమియా పరిశోధనకు కోటి పౌండ్లకు పైగా సేకరించారు. 1988లో ఏనుగులతో ఆల్ప్స్ పర్వతాలు దాటడం అందులో ఓ ఘట్టం, ప్రాచీన సేనాని హానిబాల్ దారిని తలపిస్తూ.

సుఖంగా వెళితే చందా తగ్గుతుందా?

‘డబ్బివ్వాలంటే నేరుగా ఇవ్వొచ్చుగా, ఈ అవస్థ ఎందుకు?’ అని అడిగేవాళ్లుంటారు. క్రిస్టఫర్ ఒలివోలా, ఎల్డర్ షఫీర్ అనే పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో దీనికి సమాధానం ఉంది. విందు పెట్టి విరాళమడిగితే ఇచ్చేదానికన్నా, కష్టం, నొప్పి ఉన్న కార్యక్రమం కోసం జనం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడుతున్నారని వాళ్లు తేల్చారు. పక్కవాడు పడే శ్రమ ఆ దానానికి అర్థాన్ని పెంచుతుందన్నమాట. మోకాళ్లమీద కొండెక్కే మొక్కులు తెలిసిన మనకు ఇది కొత్త సంగతేం కాదు.

ముగింపు దగ్గరపడేకొద్దీ చందాలు పెరగడమూ పరిశోధనల్లో తేలింది. లక్ష్యంలో సగం కూడా నిండని పెట్టె కన్నా, ఇంకాస్త వేస్తే నిండిపోయే పెట్టెలో వేయడానికే మనసు మొగ్గుతుంది. ఆఖరి రూపాయి తమదే అన్న తృప్తి అది. అందుకే తెలిసినవాళ్లు ఆఖరి వారంలో ‘ఇంకెంత కావాలి’ అన్న అంకెను పదేపదే చెబుతుంటారు.

రెండో సీటు విలువ

మన మోటారు రవాణా కార్మికుల చట్టం (1961) డ్రైవరు రోజుకు 8 గంటలకు మించి పనిచేయకూడదని, వరసగా 5 గంటల తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఉండాలని నియమం పెట్టింది. సొంత బండిలో వెళ్లేవాళ్లకు ఇలాంటి కాపలా లేదు. వరసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ప్రయోగం చూపింది. మన చట్టం అనుమతించే హద్దు 0.03 శాతమే. చుక్క తాగకుండానే హద్దు దాటేసినట్టు!

తెల్లవారుజామున రెండు నుంచి అయిదింటి మధ్య ఒళ్లు తనంతట తనే నిద్రలోకి జారుతుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఇంకోసారి. అద్దాలు దించడం, పాటలు పెట్టడం ఆ మత్తును వదిలించలేవు. నిజంగా పనికొచ్చేది కునుకే. అందుకే దూర యాత్రల్లో రెండో మనిషి చేసే గొప్ప సాయం స్టీరింగ్ పట్టడం ఒక్కటే కాదు, ‘ఇక చాలు, పక్కకాపు’ అని మొహమాటం లేకుండా చెప్పడం కూడా. ఆ మాట అనే చనువు అందరికీ ఉండదు. స్నేహితుడికి ఉంటుంది.

సినిమా తారలకూ లారీ సాయం

2004లో నటుడు యువాన్ మెక్‌గ్రెగర్, ఆయన మిత్రుడు చార్లీ బూర్మన్ మోటారు సైకిళ్లపై లండన్ నుంచి తూర్పుదిక్కుగా న్యూయార్క్ చేరారు. ‘లాంగ్ వే రౌండ్’ పేరుతో అది టీవీ ధారావాహికగా వచ్చింది. దారిలో ఉక్రెయిన్, కజకిస్తాన్, మంగోలియాల్లో యునిసెఫ్ నడిపే కార్యక్రమాలను చూపించారు. ఉలాన్‌బాతర్ చలికి తట్టుకోలేక వేడినీటి గొట్టాల పక్కన మ్యాన్‌హోళ్లలో బతికే పిల్లల గురించి ఎంతోమందికి అలాగే తెలిసింది. సైబీరియాలో మంచు కరిగి నదులు పొంగినప్పుడు ఇద్దరూ బండ్లను పెద్ద లారీల్లోకి ఎక్కించి దాటారు. అదేమీ దాచిపెట్టలేదు, తెరమీదే చూపించారు.

చేయి మారితే లెక్కా మారుతుంది

గమ్యం చేరాక తేలాల్సిన అసలు విషయం డబ్బు. బ్రిటన్‌లో పన్ను కట్టే వ్యక్తి ‘గిఫ్ట్ ఎయిడ్’ పత్రంపై టిక్కు పెడితే, అతనిచ్చే ప్రతి పౌండుకు ప్రభుత్వం మరో 25 పెన్నీలు సేవాసంస్థకు జమచేస్తుంది. స్నేహితుడి సొంత ఖాతాకు పంపితే ఆ పావలా రాదు.

మన దగ్గర పన్ను మినహాయింపుకు గుర్తింపు ఉన్న సంస్థకు ఇస్తే పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంటుంది, కానీ నగదు రూపంలో 2,000 రూపాయలు దాటితే రాదు. సంస్థ నుంచి విరాళం ధ్రువపత్రం అడిగి తీసుకోవాలి.

అమెరికాలోని తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిన మెలిక ఇంకొకటి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇక్కడి సంస్థకు పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా, ఆ డబ్బు విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉండాలి, సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. ఒకే కారులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మిత్రుల్లో ఒకరి విరాళం ఓ దారిన, ఇంకొకరిది మరో దారిన వెళ్లాల్సి రావొచ్చు. పెట్రోలు, హోటలు ఖర్చులు చందా డబ్బులోంచా, సొంత జేబులోంచా అన్నది ముందే చెప్పేస్తే తర్వాత మాటలు పడక్కర్లేదు.

హైదరాబాద్ నుంచి మెకాంగ్ నది దాకా

2018లో హైదరాబాద్ నుంచి జైభారతి, పియా బహదూర్ సహా నలుగురు మహిళలు మోటారు సైకిళ్లపై బయల్దేరి, మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాంలు చుట్టి దాదాపు 17,000 కిలోమీటర్లు తిరిగొచ్చారు. అది విరాళాల యాత్ర కాదు, పర్యాటక ప్రచారం. కానీ ఆ రోడ్డు మీద నుంచి ఇంకో పని పుట్టింది. తిరిగొచ్చిన మరుసటి ఏడాది జైభారతి ‘మోవో’ అనే సంస్థను స్థాపించి, మహిళలకు ద్విచక్ర వాహనాలు, ఆటోలు నడపడం నేర్పుతున్నారు. బండి నడపడం వస్తే ఉపాధి వస్తుందన్నది ఆమె నమ్మకం.

గమ్యం చేరాక దొరికిన లక్ష్యం

దానం కోసం దూరాలు దాటడం ఇంజిన్లతో మొదలవలేదు. 1951లో వినోబా భావే వార్ధా ప్రాంతం నుంచి హైదరాబాద్ శివార్లలోని శివరాంపల్లికి సుమారు 300 మైళ్లు నడిచి వచ్చారు. సర్వోదయ సమ్మేళనంలో పాల్గొనడమే ఆ నడక ఉద్దేశం. సమ్మేళనం ముగిసింది, వచ్చిన పని అయిపోయింది. కానీ ఆయన తిరుగు ప్రయాణం కట్టకుండా తెలంగాణ పల్లెల్లోకి నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాల సాగుభూమి కావాలన్నాయి. ప్రభుత్వం సంగతి తర్వాత, ఊళ్లో ఎవరైనా ఇస్తారా అని వినోబా అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టింది, ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. బయల్దేరినప్పుడు ఆ నడకకు భూమి అడగాలన్న ఆలోచనే లేదు. రావాల్సిన చోటుకు వచ్చాక మరో నాలుగు ఊళ్లు నడిచినందుకే అది దొరికింది.